జాబితాలో విలువ ఉందో లేదో తేల్చడం: సమగ్ర మార్గదర్శి

కొన్నేళ్ల కిందట నేను రాసిన ఒక చిన్న ప్రోగ్రామ్ ఒక మధ్యాహ్నమంతా నన్ను ముప్పుతిప్పలు పెట్టింది. పని చూస్తే చాలా తేలిక. ఒక ఫైలులో వరుసకు ఒకటి చొప్పున కొన్ని వేల కోడ్‌లు ఉన్నాయి. వాటిని జాబితాలోకి ఎక్కించి, అడిగిన కోడ్ అందులో ఉందో లేదో చెప్పాలి, అంతే. ఏ కోడ్ ఇచ్చినా ‘లేదు’ అంటోంది. జాబితాను తెర మీద ముద్రిస్తే ఆ కోడ్ నా కళ్లెదుటే ఉంది. విసుగెత్తి ఫైలులోని కోడ్‌లను ఒక్కొక్కటిగా ఇస్తూ పోతే, అన్నిటికంటే చివర ఉన్నదానికి మాత్రం ‘ఉంది’ అని జవాబు వచ్చింది. గుట్టు అక్కడ బయటపడింది. ఫైలులో ప్రతి వరుస చివరా కంటికి కనిపించని ‘కొత్త వరుస’ గుర్తు ఒకటి ఉంటుంది. చదివేటప్పుడు అది కూడా కోడ్‌కు అంటుకొని వచ్చేసింది. చివరి వరుస తర్వాత ఎవరూ ఎంటర్ నొక్కలేదు కాబట్టి అది ఒక్కటీ శుభ్రంగా మిగిలింది.

వెతకడంలో తప్పేమీ జరగలేదు. రెండు విలువలు ‘సమానం’ అని నేను అనుకున్నదీ కంప్యూటర్ అనుకున్నదీ వేరు కావడమే తప్పు. ఈ పనిలో నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం ఆ కోవలోవే. ఇక ప్రోగ్రామ్ నత్తనడక నడిచిందంటే కారణం సాధారణంగా మరొకటి: అదే ప్రశ్నను ఎన్నిసార్లు అడుగుతున్నామో లెక్క చూసుకోకపోవడం. అందుకే ఈ రెండు చోట్ల ఎక్కువసేపు ఆగుతాను, మిగతావి త్వరగా దాటేస్తాను. కోడ్ నమూనాలను ఏ ఒక్క భాషకూ కట్టేయకుండా తెలుగు మాటల్లోనే రాశాను. మీరు వాడే భాషలోకి మార్చుకోవడం కష్టం కాదు.

మొదటి మెట్టు: అసలు ఏమి అడుగుతున్నారు?

‘జాబితాలో ఇది ఉందా?’ అన్న మాట వెనుక నాలుగు వేర్వేరు ప్రశ్నలు దాగి ఉంటాయి. ఉందా లేదా అన్నది ఒకటి. ఉంటే ఎన్నో స్థానంలో ఉంది అన్నది రెండోది. ఎన్నిసార్లు ఉంది అన్నది మూడోది. ఫలానా షరతుకు సరిపోయేది ఏదైనా ఉందా అన్నది నాలుగోది. ఒకదానికి వాడాల్సిన పనిముట్టును మరొకదానికి వాడితే చిక్కులు మొదలవుతాయి.

జావాస్క్రిప్ట్‌లో పాత రోజుల నుంచి వస్తున్న చిక్కు ఒకటి చూడండి. ఇండెక్స్‌ఆఫ్ అనే ఫంక్షన్ విలువ ఉన్న స్థానాన్ని ఇస్తుంది. దొరకకపోతే -1 ఇస్తుంది. దాన్ని నేరుగా షరతులో పెడితే ఏమవుతుంది? విలువ జాబితాలో మొట్టమొదటే ఉంటే స్థానం 0. జావాస్క్రిప్ట్ దృష్టిలో 0 అంటే అబద్ధం. అసలు లేకపోతే -1, అదేమో నిజం. అంటే మొదటి స్థానంలో ఉన్నది ‘లేదు’, ఎక్కడా లేనిది ‘ఉంది’ అయి కూర్చుంటాయి. పీహెచ్‌పీలోని అరే_సెర్చ్ కూడా దొరికిన స్థానాన్నే ఇస్తుంది కాబట్టి మొదటి అంశం దగ్గర ఇదే గొయ్యి ఉంటుంది. స్థానం అవసరమైతేనే స్థానం అడగండి, అప్పుడు కూడా ఫలితాన్ని -1తోనో, అబద్ధంతోనో కచ్చితంగా పోల్చండి.

ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఆ లెక్క సున్నా కంటే ఎక్కువా అని చూసేవారూ ఉన్నారు. జవాబు సరిగానే వస్తుంది. కానీ లెక్కపెట్టాలంటే జాబితా చివరి దాకా వెళ్లక తప్పదు. మూడో అంశం దగ్గరే దొరికినా మిగతా లక్ష అంశాలనూ తిరగేయడం వృథా శ్రమ.

రెండో మెట్టు: ఒక్కసారి చేత్తో రాసి చూడండి

దాదాపు ప్రతి భాషలోనూ దీనికి సిద్ధంగా ఫంక్షన్ ఉంటుంది. అయినా ఒకసారి చేత్తో రాస్తే లోపల జరిగేది ఏమిటో తెలుస్తుంది. కొత్తగా నేర్చుకుంటున్నవారు ఎక్కువగా రాసేది ఇలా ఉంటుంది:

```
ఫంక్షన్ ఉందా(జాబితా, వెతికేది):
    జాబితాలోని ప్రతి అంశానికి:
        అంశం, వెతికేది సమానమైతే:
            నిజం తిరిగివ్వు
        కాకపోతే:
            అబద్ధం తిరిగివ్వు
```

పైకి బాగానే కనిపిస్తుంది. కానీ ఇది మొదటి అంశాన్ని తప్ప దేన్నీ చూడదు. మొదటిది సమానం కాకపోగానే ‘లేదు’ అని తేల్చేసి బయటికి వచ్చేస్తుంది. ‘ఉంది’ అనడానికి ఒక్క సాక్ష్యం చాలు. ‘లేదు’ అనాలంటే మాత్రం అందరినీ అడిగి తీరాలి. కాబట్టి ‘లేదు’ అన్న మాట లూప్ పూర్తయ్యాకే రావాలి:

```
ఫంక్షన్ ఉందా(జాబితా, వెతికేది):
    జాబితాలోని ప్రతి అంశానికి:
        అంశం, వెతికేది సమానమైతే:
            నిజం తిరిగివ్వు
    అబద్ధం తిరిగివ్వు
```

తేడా అంతా చివరి వరుస ఎక్కడ మొదలవుతుందన్న దాంట్లోనే ఉంది. ఖాళీ జాబితా ఇస్తే లూప్ ఒక్కసారి కూడా తిరగదు, నేరుగా అబద్ధం వస్తుంది. కావలసిందీ అదే; దాని కోసం వేరే షరతు రాయనక్కర్లేదు.

మూడో మెట్టు: భాష ఇచ్చిన పనిముట్టు వాడండి

పైథాన్‌లో ఇన్ అనే పదం చాలు. రూబీలో ఇన్‌క్లూడ్ అనే ఫంక్షన్ ఉంది, పేరు చివర ప్రశ్నార్థకంతో. జావా, సీ షార్ప్, రస్ట్ భాషల్లో కంటెయిన్స్ ఉంది. జావాస్క్రిప్ట్‌లో ఇన్‌క్లూడ్స్ 2016 ప్రమాణంతో వచ్చింది. దానికి మొదట అనుకున్న పేరు కంటెయిన్స్. మూటూల్స్ అనే పాత లైబ్రరీలో అదే పేరుతో ఫంక్షన్ ఉండటంతో, దాన్ని వాడే సైట్లు దెబ్బతింటాయని పేరు మార్చాల్సి వచ్చింది. గో భాష 2009లో జనం ముందుకు వచ్చినా, సాధారణ జాబితాలకు పనికొచ్చే కంటెయిన్స్ దాని ప్రామాణిక లైబ్రరీలోకి 2023లో 1.21 వెర్షన్‌తో గానీ రాలేదు. అప్పటిదాకా ప్రతి ఒక్కరూ పైన చూపిన లూప్‌నే మళ్లీ మళ్లీ రాసుకున్నారు. సీ ప్లస్ ప్లస్‌లో ఫైండ్ వాడి, వచ్చింది జాబితా ముగింపును సూచిస్తోందా అని చూడటం పాత పద్ధతి. సెట్లకూ మ్యాప్‌లకూ 2020 ప్రమాణంలోనూ, మామూలు వరుసలకు 2023 ప్రమాణంలోనూ కంటెయిన్స్ చేరింది.

పేర్లు కలిశాయి కదా అని అర్థాలు కూడా కలుస్తాయనుకోకండి. జావాస్క్రిప్ట్‌లోనూ ఇన్ అనే పదం ఉంది, కానీ అది విలువల్ని చూడదు, స్థానాలను చూస్తుంది. 3, 5, 7 ఉన్న జాబితాలో ‘3 ఉందా’ అని ఇన్‌తో అడిగితే లేదంటుంది. ‘2 ఉందా’ అంటే ఉందంటుంది, ఎందుకంటే 0, 1, 2 అనే స్థానాలు ఉన్నాయి. పైథాన్ నుంచి జావాస్క్రిప్ట్‌కు వచ్చినవారు కనీసం ఒకసారైనా ఇందులో కాలు వేస్తారు. పైథాన్‌లో కూడా డిక్షనరీ మీద ఇన్ వాడితే తాళంచెవుల్లోనే, అంటే కీలలోనే వెతుకుతుంది, విలువల్లో కాదు.

ఇంకొక పైథాన్ చిక్కు: జాబితా అనుకున్నది నిజానికి స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస అయితే ఇన్ అర్థమే మారిపోతుంది. ‘రామ’ అనే పేరు జాబితాలో ఉందా అని అడిగినప్పుడు ఆ జాబితా స్థానంలో పొరపాటున ‘రామకృష్ణ’ అనే ఒక్క స్ట్రింగ్ ఉంటే, ఉందనే జవాబు వస్తుంది. స్ట్రింగ్ విషయంలో ఇన్ అంటే ‘ఇందులో ఆ ముక్క ఉందా’ అని. తప్పు చూపకుండా తప్పు జవాబు ఇచ్చే సందర్భాల్లో ఇది ఒకటి. ఒక్క అంశమే ఉన్న టపుల్, అంటే మార్చడానికి వీల్లేని జాబితా రాస్తూ కామా మరిచిపోతే సరిగ్గా ఇదే జరుగుతుంది.

జెనరేటర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అంశాలను ముందే దాచిపెట్టకుండా, అడిగినప్పుడల్లా ఒక్కొక్కటిగా తయారుచేసి ఇచ్చేవి అవి; ఒక్కసారే నడుస్తాయి. ‘ఉందా’ అని అడిగితే దొరికేదాకా అంశాలను ఖర్చు చేసేస్తాయి. అదే ప్రశ్న రెండోసారి అడిగితే, ఇందాక ఉందన్నదే ఇప్పుడు లేదంటుంది. ఎక్కువసార్లు అడగాలంటే ముందుగా దాన్ని జాబితాగా మార్చి పెట్టుకోండి.

నాలుగో మెట్టు: ‘సమానం’ అంటే ఏమిటో తేల్చుకోండి

ఇక అసలు సంగతి. కంప్యూటర్ రెండు విలువలను పోల్చేటప్పుడు మన కంటికి కనిపించేదాన్ని పోల్చదు, లోపల దాచిన రూపాన్ని పోలుస్తుంది.

ముందు రకాలు. వాడుకరి టైపు చేసినదీ ఫైలు నుంచి చదివినదీ దాదాపు ఎప్పుడూ స్ట్రింగే. మీ జాబితాలో సంఖ్య 42 ఉంటే, చేతికి వచ్చిన ‘42’ అనే స్ట్రింగ్ దానికి సమానం కాదు. జావాలో ఇది ఇంకాస్త లోతుగా దెబ్బ తీస్తుంది. లాంగ్ రకం సంఖ్యల జాబితాలో 5 ఉందనుకోండి. కంటెయిన్స్‌కు మామూలుగా 5 అని ఇస్తే అది ఇంటిజర్‌గా మారుతుంది. ఇంటిజర్ 5, లాంగ్ 5 సమానం కావు కాబట్టి జవాబు ‘లేదు’. కంటెయిన్స్ ఏ రకమైన వస్తువునైనా తీసుకుంటుంది, అందుకే కంపైలర్ కూడా నోరు విప్పదు. రెండు సంఖ్యలూ 5 అనే కనిపిస్తుంటే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం కష్టం.

కొన్ని భాషలది దీనికి వ్యతిరేకమైన జబ్బు: కావలసిన దానికంటే ఎక్కువ ఉదారంగా ఉంటాయి. పీహెచ్‌పీలోని ఇన్_అరే మామూలుగా వదులు పోలిక చేస్తుంది. 8వ వెర్షన్‌కు ముందు, అంటే 2020 వరకు, అంకెలు లేని ఏ మాటైనా సున్నాకు సమానమే. జాబితాలో 0 ఒక్కటి ఉంటే చాలు, ఏ మాట అడిగినా ఉందనేది. అనుమతించిన విలువల జాబితాతో సరిచూసే చోట ఇలా జరిగితే అది భద్రతకే ఎసరు. మూడో ఆర్గ్యుమెంట్‌గా నిజం ఇస్తే కచ్చితమైన పోలిక చేస్తుంది. వెర్షన్ ఏదైనా సరే, అది ఇవ్వడం అలవాటు చేసుకోండి. పైథాన్‌లో కూడా ట్రూ అనే విలువ 1కి సమానం, 1.0 కూడా 1కి సమానం. కాబట్టి 1, 2 ఉన్న జాబితాలో ట్రూ ఉందా అంటే ఉందనే చెబుతుంది.

దశాంశ సంఖ్యలను సమానత్వంతో వెతకకండి. 0.1కి 0.2 కలిపితే వచ్చేది 0.3 కాదు, 0.30000000000000004. ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం ద్వియాంశ (బైనరీ) రూపంలో దాచేటప్పుడు ఈ చిన్న తేడా తప్పదు. ‘ఈ విలువకు ఫలానా హద్దులో దగ్గరగా ఉన్నది ఏదైనా ఉందా’ అని అడగాలి. ఇది మొదటి మెట్టులో చెప్పిన నాలుగో రకం ప్రశ్న. పైథాన్‌లో ఎనీ, ఈజ్‌క్లోజ్ ఫంక్షన్లను కలిపి వాడితే పని జరుగుతుంది. ఇదే ప్రమాణంలో నాన్ అనే వింత విలువ ఒకటుంది, సంఖ్య కానిదని అర్థం. అది తనకు తానే సమానం కాదు. అందుకే జావాస్క్రిప్ట్ ఇండెక్స్‌ఆఫ్ దాన్ని ఎన్నటికీ కనుక్కోలేదు. ఇన్‌క్లూడ్స్ మాత్రం కనుక్కుంటుంది, దాని పోలిక నియమం వేరు. పైథాన్ ముందుగా రెండూ మెమరీలో ఒకే వస్తువా అని చూసి, ఆ తర్వాతే సమానత్వం చూస్తుంది. కాబట్టి ఒకే నాన్ అయితే దొరుకుతుంది, వేరువేరుగా తయారైన రెండు నాన్‌లైతే దొరకదు.

వస్తువుల విషయంలో, అంటే ఆబ్జెక్టుల్లో, చాలా భాషలు మీరు చెప్పకపోతే ‘రెండూ ఒక్కటేనా’ అనే చూస్తాయి, ‘రెండూ ఒకేలా ఉన్నాయా’ అని చూడవు. జావాస్క్రిప్ట్‌లో లోపలి విలువలన్నీ అచ్చం ఒకేలా ఉన్న రెండు ఆబ్జెక్టులు సమానం కావు. అక్కడ సమ్ (some) అనే ఫంక్షన్‌కు షరతు ఇచ్చి, ఐడీ వంటి ఒక గుర్తును పోల్చడం మేలు. జావాలో ఈక్వల్స్‌ను మీరే రాసుకోవాలి. దానితోపాటు హ్యాష్‌కోడ్ కూడా రాయాలి. ఎందుకో తర్వాతి మెట్టులో చెబుతాను.

ఇక అక్షరాలు. ముందూ వెనుకా ఖాళీలు, పెద్ద చిన్న అక్షరాల తేడాలు అందరికీ తెలిసినవే. తెలుగు పాఠంతో పనిచేసేవారికి ఇంకొన్ని ఉన్నాయి. ‘కోడ్’ అనే మాటను తీసుకోండి. క, ఓత్వం, డ, పొల్లు: మొత్తం 4 యూనికోడ్ గుర్తులు. ఇప్పుడు ‘కోడ్‌లు’ అనే మాట టైపు చేయండి. డకారం పొల్లు తర్వాత లకారం ఒత్తుగా మారకుండా ఉండటానికి కీబోర్డు అక్కడ కనిపించని విభజక గుర్తు ఒకటి పెడుతుంది; యూనికోడ్‌లో దాని సంఖ్య 200సీ. ఆ మాటలోంచి ‘లు’ కత్తిరించి మిగిలినది జాబితాలో పెడితే, చూడటానికి అది ‘కోడ్’ లాగే ఉంటుంది, పొడవు మాత్రం 5. ఇక ఎంత వెతికినా దొరకదు. పైథాన్‌లో స్ట్రిప్ అనే ఫంక్షన్ చివరి ఖాళీలను తీసేస్తుంది గానీ దీన్ని తీయదు, ఎందుకంటే ఇది ఖాళీ కాదు. మీరే వెతికి తీసేయాలి.

ఐత్వానికి కూడా రెండు రూపాలున్నాయి. ఐత్వాన్ని ఒకే గుర్తుగా దాచవచ్చు, ఎత్వమూ దాని కింద వచ్చే భాగమూ కలిపి రెండు గుర్తులుగానూ దాచవచ్చు. తెర మీద ‘పై’ రెండు రకాలుగానూ ఒకేలా కనిపిస్తుంది, పోలికలో మాత్రం కలవదు. దీనికి మందు యూనికోడ్ సాధారణీకరణ. ఎన్ఎఫ్‌సీ అనే పద్ధతి రెండింటినీ ఒకే రూపానికి తెస్తుంది. పైన చెప్పిన విభజక గుర్తును మాత్రం ఎన్ఎఫ్‌సీ ముట్టుకోదు.

కాబట్టి చేయాల్సింది ఇది: శుభ్రపరిచే ఫంక్షన్ ఒకటి రాసుకుని, జాబితాలోకి ఎక్కించే ప్రతి విలువనూ, వెతికే విలువనూ అందులోంచే పంపండి.

```
ఫంక్షన్ శుభ్రం(మాట):
    మాటను ఎన్ఎఫ్‌సీ రూపానికి మార్చు
    కనిపించని విభజక గుర్తులను తీసేయి
    ముందూ వెనుకా ఖాళీలను తీసేయి
    అక్షరాల పెద్ద చిన్న తేడాను చెరిపేయి
    మాటను తిరిగివ్వు
```

ఒకవైపే శుభ్రం చేసి రెండోవైపు మరిచిపోవడం అసలు చేయకపోవడం కంటే చెడ్డది, అంతకుముందు దొరికినవి కూడా దొరకకుండా పోతాయి. మరొక మాట: పోల్చడానికి శుభ్రం చేసిన రూపం వాడండి, చూపించడానికి అసలు రూపాన్ని దాచి ఉంచండి. విభజక గుర్తు తీసేసిన తెలుగు మాటలను తెర మీద చూపిస్తే అనవసరపు ఒత్తులు పుట్టుకొస్తాయి.

ఏదైనా ‘కళ్లెదుటే ఉంది, దొరకడం లేదు’ అనిపిస్తే, మామూలుగా ముద్రించి చూడకండి. పొడవు ముద్రించండి, రకం ముద్రించండి. పైథాన్‌లో రెప్ర్ అనే ఫంక్షన్ కనిపించని గుర్తులను వాటి సంకేతాలతో బయటపెడుతుంది. నేను ఆ రోజు ముందుగా ఆ పని చేసి ఉంటే మధ్యాహ్నం మిగిలేది.

అయిదో మెట్టు: ఎన్నిసార్లు అడుగుతారో లెక్కేయండి

జాబితాలో వెతకడమంటే మొదటి నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవడమే. 10 లక్షల అంశాలుంటే, లేని విలువ కోసం 10 లక్షల పోలికలు చేయాలి. ఒక్కసారి అడిగితే అదేమంత భారం కాదు, కంప్యూటర్ రెప్పపాటులో చేసేస్తుంది. కానీ లక్ష పేర్లున్న ఒక జాబితాను లక్ష పేర్లున్న మరో జాబితాతో సరిచూడాలనుకోండి. లూప్ లోపల ‘ఉందా’ అని అడుగుతూ పోతే పోలికలు 1000 కోట్ల దాకా వెళ్లవచ్చు. కోడ్‌లో చూస్తే రెండే వరుసలు. రెండో లూప్ ‘ఉందా’ అనే మాట వెనుక దాగి ఉంది కాబట్టి ఎవరికీ కనిపించదు.

ఇలాంటి చోట సెట్టు వాడాలి. సెట్టు లోపల ఏం చేస్తుందో చిన్న లెక్కతో చూద్దాం. 8 గదులున్నాయనుకోండి. 29ని దాచాలి. 29ని 8తో భాగిస్తే శేషం 5, కాబట్టి 5వ గదిలో పెడతాం. తర్వాత ఎవరైనా 29 ఉందా అని అడిగితే మళ్లీ భాగించి, నేరుగా 5వ గది తలుపు తీస్తాం. మిగతా గదుల జోలికి పోనక్కర్లేదు. 37 వస్తే? దాని శేషం కూడా 5. ఇద్దరూ ఒకే గదికి వచ్చారు కాబట్టి అక్కడ ఒకటి రెండు పోలికలు ఎక్కువ అవుతాయి, అంతే. గదులు నిండుతున్నకొద్దీ సెట్టు తనంతట తానే గదుల సంఖ్య పెంచుకుంటుంది. మాటలకైతే ముందుగా హ్యాష్ ఫంక్షన్‌తో ఒక సంఖ్య తయారుచేసి, ఆపై ఇదే పని. అంశాలు వెయ్యి ఉన్నా కోటి ఉన్నా అడిగినప్పుడు అయ్యే ఖర్చు సగటున ఒకేలా ఉంటుంది.

```
తెలిసినవి = సెట్టు(మొదటి జాబితా)
రెండో జాబితాలోని ప్రతి పేరుకు:
    పేరు తెలిసినవాటిలో ఉంటే:
        ముద్రించు పేరు
```

మొదటి వరుస లూప్‌కు బయట ఉంది, గమనించండి. దాన్ని లోపల పెట్టేవారిని చాలామందిని చూశాను. అలా చేస్తే ప్రతి పేరుకూ లక్ష అంశాల సెట్టును కొత్తగా కట్టి, ఒక్క ప్రశ్న అడిగి, పారేసినట్టు. అది మామూలు జాబితా కంటే నెమ్మది.

ఇప్పుడు హ్యాష్‌కోడ్ సంగతి. రెండు వస్తువులు సమానమైతే వాటి హ్యాష్ కూడా ఒకటే కావాలి, లేకపోతే ఒకదాన్ని ఒక గదిలో పెట్టి మరో గదిలో వెతుకుతారు. జావాలో ఈక్వల్స్ రాసి హ్యాష్‌కోడ్ రాయకపోతే జాబితాలో దొరికేది సెట్టులో దొరకదు. దీనికి తోబుట్టువు లాంటి తప్పు ఇంకొకటి: వస్తువును సెట్టులో పెట్టాక దాని లోపలి విలువను మార్చడం. అది పాత గదిలోనే ఉంటుంది, కొత్త హ్యాష్ వేరే గదికి దారి చూపిస్తుంది. సెట్టును మొత్తం ముద్రిస్తే అది అక్కడే ఉంటుంది, ఉందా అని అడిగితే లేదంటుంది. పైథాన్ ఈ ప్రమాదాన్ని ముందే ఊహించి, మారే స్వభావమున్న లిస్టును సెట్టులో పెట్టబోతే ఒప్పుకోదు. బదులుగా టపుల్ పెట్టుకోవచ్చు.

అలాగని ప్రతిచోటా సెట్టు అనకండి. పది పదిహేను అంశాలున్న చోట తేడా ఏమీ తెలియదు. ఒకే ఒక్కసారి అడిగే చోట సెట్టు కట్టడమే దండగ. కట్టడానికి జాబితా మొత్తం తిరగాల్సిందే కదా. పైగా సెట్టులో ఒకే విలువ రెండుసార్లు ఉండదు. వరుస క్రమం కావాలంటే జాబితాను కూడా పక్కన ఉంచుకోండి. రెండూ ఉంచితే మెమరీ ఎక్కువ పడుతుంది, సాధారణంగా అది పెట్టదగిన ఖర్చే.

ఆరో మెట్టు: జాబితా క్రమంలో ఉంటే

విలువలు ముందే క్రమంలో ఉంటే మధ్యలో తెరిచి చూసి, సగాన్ని వదిలేస్తూ పోవచ్చు. 10 లక్షల అంశాలకు 20 పోలికలు, 100 కోట్లకు 30 పోలికలు సరిపోతాయి. పైథాన్‌లో బైసెక్ట్_లెఫ్ట్, సీ ప్లస్ ప్లస్‌లో బైనరీ_సెర్చ్ ఉన్నాయి. బైసెక్ట్_లెఫ్ట్ ఉందో లేదో చెప్పదు, ఉండాల్సిన చోటు చెబుతుంది. ఆ చోటు జాబితా పొడవులోపే ఉందా, అక్కడున్నది నిజంగా మీరు వెతికేదేనా అన్న రెండూ మీరే చూసుకోవాలి. క్రమంలో లేని జాబితా ఇస్తే తప్పు చూపదు, తోచిన జవాబు ఇస్తుంది.

దీన్ని చేత్తో రాయకండి అని చెప్పడానికి నా దగ్గర మంచి కారణముంది. జావా ప్రామాణిక లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో ఏళ్ల తరబడి ఒక తప్పు దాగి ఉందని దాన్ని రాసిన జాషువా బ్లాక్ 2006లో వెల్లడించాడు. మధ్య స్థానం కోసం, వెతుకుతున్న భాగంలో మొదటి స్థానాన్నీ (అడుగు) చివరి స్థానాన్నీ (పై) కూడి సగం చేయడం మామూలే. జాబితా 107 కోట్ల అంశాలు దాటితే ఆ కూడిక 32 బిట్‌ల హద్దును మించిపోయి రుణసంఖ్య అయిపోతుంది. అడుగుకు, పైకీ అడుగుకీ ఉన్న తేడాలో సగం కలిపితే ఈ బాధ లేదు.

ఏడో మెట్టు: డేటా బయట ఉంటే

డేటాబేస్‌లో ఉన్న పట్టికను మొత్తం జాబితాగా తెచ్చుకుని వెతకడం కంటే, ప్రశ్నను అక్కడికే పంపి ఎగ్జిస్ట్స్‌తో అడగండి. ఆ నిలువు వరుసకు ఇండెక్స్, అంటే త్వరగా వెతకడానికి పనికొచ్చే సూచిక ఉండేలా చూసుకోండి. ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌ను ప్రశ్నలు అడిగే భాష) నాట్ ఇన్‌తో మాత్రం జాగ్రత్త. లోపలి జాబితాలో ఒక్క నల్ ఉన్నా ఫలితంగా ఒక్క వరుస కూడా రాదు. నల్ అంటే తెలియని విలువ. తెలియనిదాంతో పోల్చి ‘కచ్చితంగా లేదు’ అని అది చెప్పలేదు. నాట్ ఎగ్జిస్ట్స్ వాడితే ఈ చిక్కు రాదు.

మెమరీలో పట్టనంత పెద్ద సమూహాలకు బ్లూమ్ ఫిల్టర్ ఉంది, 1970లో బర్టన్ బ్లూమ్ ప్రతిపాదించాడు. అది ‘లేదు’ అంటే నిజంగా లేదు. ‘ఉంది’ అంటే బహుశా ఉండవచ్చు. అంశానికి దాదాపు 10 బిట్‌లు ఇస్తే నూటికి ఒకసారి మాత్రమే లేనిదాన్ని ఉందంటుంది. ఆ ‘ఉంది’ వచ్చినప్పుడు మాత్రమే డిస్క్‌లో అసలు డేటా తెరిచి నిర్ధారించుకుంటే సరి.

ఎనిమిదో మెట్టు: అడిగిన తర్వాత ఏం చేస్తారు?

‘లేకపోతే చేర్చు’ అన్నది చాలా చోట్ల కనిపించే జంట. ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే సాగే పనుల పాయలను థ్రెడ్‌లంటారు. రెండు థ్రెడ్‌లు ఒకేసారి నడుస్తుంటే రెండూ అడుగుతాయి, రెండింటికీ లేదనే జవాబు వస్తుంది, రెండూ చేరుస్తాయి. అడగడానికీ చేర్చడానికీ మధ్య ఉన్న ఆ సందులోనే తప్పు దూరుతుంది. జావా సెట్టులోని యాడ్ కొత్తగా చేర్చిందో, ముందే ఉందో తానే చెబుతుంది, వేరే అడగనక్కర్లేదు. ఒకేసారి ఎక్కువ థ్రెడ్‌లు వాడటానికి రూపొందించిన సెట్టు అయితే ఆ అడగడమూ చేర్చడమూ విడదీయరాని ఒకే పనిగా జరుగుతాయి. డేటాబేస్ అయితే ఒకే విలువను రెండుసార్లు చేరనివ్వని యూనిక్ నిబంధన పెట్టి, చేర్చబోయినప్పుడు వచ్చే తిరస్కరణనే జవాబుగా తీసుకోండి.

తొమ్మిదో మెట్టు: పరీక్షించండి

ఖాళీ జాబితాతో, ఒకే అంశమున్న జాబితాతో, లేని విలువతో, నల్‌తో పరీక్షించండి. జావాలో లిస్ట్.ఆఫ్‌తో కట్టిన జాబితాను ‘నల్ ఉందా’ అని అడిగితే లేదనదు, ఎక్సెప్షన్ విసురుతుంది. ఇలాంటివి పరీక్షలోనే తెలియాలి. రెండుసార్లు ఉన్న విలువతోనూ చూడండి. మధ్యలో ఉన్న అంశంతో పాటు మొదటిదాన్నీ చివరిదాన్నీ విడివిడిగా అడగండి. కొన్ని ఎడిటర్లు ఫైలు మొదట్లో బైట్ ఆర్డర్ మార్క్ అనే కనిపించని గుర్తును పెడతాయి, అప్పుడు మొదటి అంశం ఒక్కటే దొరకదు. చివరి అంశం కథ మీకు ముందే చెప్పాను. దాన్ని ఒక్కదాన్నే ఇచ్చి చూసి ఉంటే, ఆ మధ్యాహ్నం నా ప్రోగ్రామ్ భేషుగ్గా పనిచేస్తోందని ఇంటికి వెళ్లిపోయేవాణ్ణి.